మినహాయింపు ఎవరిది?

పోయిన వారం తాళాలక్కను మామయ్య ఇంటి మెట్ల మీద వదిలి వచ్చాం. చేతిసంచిలో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఒకటి. కాళ్లు పైకి పోదామంటున్నాయి, మనసు వెనక్కి లాగుతోంది.

ఆ పేరు ఆమెకు ఎలా వచ్చిందో కొత్తగా కలిసినవాళ్ల కోసం చెప్పాలి. వాళ్ల ఆఫీసులో తయారైన సాఫ్ట్‌వేర్ ఏదైనా బయటికి వెళ్లాలంటే దాని మీద ఒక రహస్య సంతకం పడాలి. ఆ సంతకానికి తాళం ఆమె దగ్గర ఉండేది. పన్నెండేళ్లుగా ఆఫీసు మొత్తానికీ ఆమె తాళాలక్కే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినపడదు.

ఆ తాళాన్ని నిన్న సాయంత్రం డైరెక్టరు మేడం వెనక్కి తీసేసుకున్నారు.

పది రోజుల కిందట, రక్తనిధిలో సంచులు దాచే చల్లగది పొద్దున ఏడింటి నుంచి పదకొండు దాకా వేడెక్కుతూనే ఉంది. వీళ్ల సాఫ్ట్‌వేర్ గంట మోగించి మనుషుల్ని పిలవాలి. పిలవలేదు. తొంభై మూడు సంచుల రక్తం పారబోశారు. ఆ మధ్యాహ్నమే కాన్పులో రక్తం పోయి ప్రాణం మీదికి వచ్చిన ఒకావిడకు ఎక్కించడానికి సరిపడే గ్రూపు సంచి ఒక్కటి కూడా మిగల్లేదు. పక్క ఊరి నుంచి తెప్పించేసరికి రెండు గంటలు గడిచాయి. బిడ్డ క్షేమం. తల్లి బతికింది గాని, పిలిస్తే పలకడం లేదు.

గంట ఎందుకు మూగబోయిందో వెతగ్గా వెతగ్గా చివరికి తాళాలక్కకే దొరికింది. ఒక్క వాక్యం. దాని పక్కన, రాసినవారి పేరు ఉండాల్సిన చోట, తాళాలక్క పేరే ఉంది. రేపు ఉదయం పదింటికల్లా రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వాలి.

కానీ ఆ వాక్యం రాసిన తేదీ, గంట, నిమిషం కూడా పక్కనే ఉన్నాయి. పోయిన ఏడాది ఒక గురువారం, మధ్యాహ్నం రెండు గంటల పదకొండు నిమిషాలు. ఆ వేళకు ఆమె ఆఫీసులో లేదు. తల్లికి తుంటి ఆపరేషను జరుగుతుంటే థియేటరు బయట చెక్కబల్ల మీద కూర్చుని ఉంది. ఆమె పేరుతో ఏదైనా రాయాలంటే ఆమె తాళం తెరవాలి, దాన్ని తెరిచే రహస్యపు మాట ఆమె కాక ఇంకొక్కరికే తెలుసు.

ఆ ఒక్కరి ఇంటి గంట నొక్కింది తాళాలక్క.

*

తలుపు తీసింది అత్తయ్య. చేతులకు సబ్బు నురగ.

"ఏమే, ఆదివారం పూట ఇంత పొద్దున్నే? ముఖం అలా పీక్కుపోయిందేంటి?"

"మామయ్య ఉన్నాడా?"

"ఎక్కడికి పోతాడు? ఆ కంప్యూటరు ముందు కూర్చుని దానితో తగువు పడుతున్నాడు. దానివల్ల నాతో పడే తగువు కాస్త తగ్గిందిలే."

మామూలు రోజైతే తాళాలక్క నవ్వేది. ఈ రోజు చెప్పులు విడిచి నేరుగా లోపలి గదిలోకి నడిచింది.

కిటికీ పక్కన బల్ల. కీబోర్డు మీద సగం అక్షరాలు అరిగిపోయి నున్నగా అయ్యాయి. తెర మీద ఒక్కో అక్షరం బొటనవేలంత ఉంది. మామయ్య చూపు ఈ రెండేళ్లలో బాగా తగ్గింది. ఆఫీసులో అందరికీ ఆయన పెద్దాయన. రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టి, ముప్ఫయ్యో ఏట కంప్యూటరు ముందు కూర్చుని, ఈ కంపెనీ అమ్మే సరుకులో సగం తన చేత్తో రాసిన మనిషి. తండ్రి పోయి, చదువు మధ్యలో ఆగిపోయి, దిక్కు తోచకుండా ఉన్న మేనకోడలిని వెంటబెట్టుకుని ఆఫీసుకు తీసుకెళ్లి ఈ పనిలో ఓనమాలు దిద్దించింది కూడా ఆయనే.

"రా తల్లీ, కూర్చో. ఆ కుర్చీ కాదు, దాని కాలొకటి సెలవులో ఉంది. ఇటు మంచం మీద కూర్చో."

ఆమె కూర్చోలేదు. సంచిలోంచి కాగితం తీసి, మడతలు విప్పి, కీబోర్డు మీద పరిచింది.

"చదువు మామయ్యా."

"నా కళ్లజోడు..."

"మెడలోనే వేలాడుతోంది."

ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. కాగితం వైపు చూశాడు గాని చదవలేదు. చదవాల్సిన అవసరం లేనివాడు చూసినట్టు చూశాడు. తాళాలక్కకు మెట్లెక్కేటప్పుడు కూడా ఎక్కడో ఒక మూల ఆశ ఉండింది, తాను పొరబడి ఉంటానని.

ఆ వాక్యం అర్థం కావడానికి ఈ పనిలో ఉండక్కర్లేదు. చల్లగదిలాంటి చోట్ల వేడి మీద కన్నేసి ఉంచే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి వాళ్లు పెట్టుకున్న పేరు 'కాపలా'. కాపలా ఒంటరిగా పనిచేయదు. దానికి వేడిని కొలిచే 'కొలత' కావాలి. కొలత వచ్చేటప్పుడు తనతో పాటు 'గంట'ను వెంటబెట్టుకుని వస్తుంది. కాపలాను బయటికి పంపేటప్పుడు దానికి ఒక జాబితా జత చేస్తారు, నేను బతకాలంటే నాతో ఇవి ఉండాలి అని. అవతలి కంప్యూటరు ఆ జాబితా చదివి, ఉన్నవన్నీ తెచ్చుకుంటుంది, లేనివాటి జోలికి పోదు. జాబితాలోనే ఫలానాది వద్దు అని కూడా రాయొచ్చు. దాన్నే మినహాయింపు అంటారు.

కాగితం మీద ఉన్నది ఇదీ: కొలతను తీసుకురా, అది తెచ్చే గంటను మాత్రం తేవద్దు.

"నీ పేరు మీద ఉందే ఇది" అన్నాడు మామయ్య మెల్లగా.

"పేరు నాదే. చెయ్యి ఎవరిది?"

అత్తయ్య రెండు గ్లాసుల్లో టీ తెచ్చి బల్ల అంచున పెట్టింది. ఇద్దరి ముఖాలూ చూసి అక్కడే నిలబడిపోయింది.

"నువ్వు కాసేపు లోపలికి వెళ్లు" అన్నాడు మామయ్య.

"నేనెక్కడికీ వెళ్లను. ఆ కాగితంలో ఏముందో నాకు తెలీదు గానీ మీ ముఖంలో ఏముందో తెలుస్తోంది. పది రోజులుగా అన్నం కెలికి లేచిపోతున్నారు. పంటి నొప్పి అన్నారు. నేను నమ్మాననుకున్నారా?" అని మంచం మీద కూర్చుంది.

మామయ్య కళ్లజోడు తీసేశాడు. అది లేకపోతే ఆయన ముఖం పసిపిల్లాడి ముఖంలా ఉంటుంది.

"నేనే రాశాను" అన్నాడు.

*

తాళాలక్క అనుకున్నది వేరు. ఆ మాట వింటే గట్టిగా అరుస్తాననుకుంది, ఏడుస్తాననుకుంది. ఏదీ రాలేదు. కాలు సెలవులో ఉన్న కుర్చీని గోడకు ఆనించి దాని మీదే కూర్చుంది.

"ఎందుకు?"

"అప్పుడే కొత్త గంట తయారు చేశాం, గుర్తుందా? అది మరీ భయస్తురాలు. చల్లగది తలుపు తీస్తే చాలు, మోత. సంచి తీసినా మోతే, పెట్టినా మోతే. రోజుకు నలభై సార్లు. రక్తనిధి టెక్నీషియన్ నాకు ఫోన్ చేసి, పెద్దాయనా, మావాళ్లు స్పీకరు వైరు పీకేస్తున్నారయ్యా అన్నాడు. వైరు పీకేసిన గంట ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే కదా. వాళ్ల కంప్యూటర్లో పాత గంట ఎలాగూ ఉంది. అది బాగానే మోగుతోంది. కొత్తదాన్ని తేకుండా ఉంటే పాతదే పనిచేస్తుంది. అందుకని ఆ వాక్యం పెట్టాను. రెండు రోజుల్లో కొత్తదాన్ని సరిచేసి, వాక్యం తీసేద్దామనుకున్నా."

"మన పరీక్షల్లో ఎందుకు తెలియలేదు?"

"మన కంప్యూటర్లలోనూ పాతది పడి ఉంది. పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నట్టు పచ్చగానే వచ్చాయి."

"రెండు రోజులన్నావు. తర్వాత?"

"తర్వాత ఇంకో పని మీద పడింది. దాని తర్వాత ఇంకోటి." ఆయన గొంతు తగ్గింది. "మర్చిపోయాను తల్లీ."

"నాతో ఒక్క మాట చెప్పి ఉంటే?"

"చెబుదామనే అనుకున్నా. మీ అమ్మ ఆపరేషను హడావుడిలో..."

"అమ్మ ఇంటికొచ్చి ఏడాది దాటింది మామయ్యా. ఇప్పుడు మార్కెట్టుకు నడిచి వెళ్లి వస్తోంది."

ఆయన టీ గ్లాసు ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు.

"సరే, అప్పుడు మర్చిపోయావు. ఈ పది రోజులు? అందరూ కలిసి వెతుకుతున్నప్పుడు నా పక్కనే కూర్చున్నావు. నిన్న మేడం నా తాళం తీసుకుంటుంటే గుమ్మంలోనే నిలబడి ఉన్నావు. నోరు పెగల్లేదా?"

"పెగల్లేదు. రోజూ ఇవాళ చెప్పేయాలనుకునే వచ్చేవాణ్ణి. ఆఫీసు మెట్లెక్కగానే ఎవరో ఒకరు పెద్దాయనా అని నమస్కారం పెట్టేవారు. ఇంక చెప్పలేకపోయేవాణ్ణి. వచ్చే నెలలో పని మానేస్తున్నా కదే. ఇన్నేళ్ల తర్వాత, ఒక తల్లి మంచాన పడింది నా వల్లే అనిపించుకుని ఎలా వెళ్లను?"

"నా వల్ల అంటే పర్వాలేదన్నమాట."

"అలా అనకు."

"ఎలా అనమంటావు? నాకింకా ఇరవై ఏళ్ల పని ఉంది. ఈ ఊళ్లో ఈ పని చేసేవాళ్లు ఎంతమంది? రేపు పదింటి తర్వాత తాళం మాట అటుంచు, తలుపు వెయ్యమని కూడా నాకెవరూ చెప్పరు. నువ్వు నేర్పిన పనే మామయ్యా ఇది. రాసిన ప్రతి అక్షరం కింద నీ పేరు ఉంటుంది, జాగ్రత్త అని నువ్వే చెప్పావు."

ఆ మాట ఆయనకు ఎక్కడో తగిలింది. అంతసేపూ కుంగిపోయి కూర్చున్న మనిషి వెన్ను నిటారు చేశాడు. తప్పు ఒప్పుకున్న మనిషికి కోపం వస్తే దానికి దారీ తెన్నూ ఉండదు.

"చెప్పాను. అయితే ఇది కూడా విను. నాలుగు నెలల కిందట రక్తనిధివాళ్లు పాత కంప్యూటరు తీసేసి కొత్తది పెట్టుకున్నారు. కొత్తదానిలోకి జాబితాలో ఉన్నవే వచ్చాయి. పాత గంట పాతదానితోనే పోయింది. బాగానే ఉంది. గంట లేదని తెలిసిన మరుక్షణం కాపలా ఏం చేయాలి? గగ్గోలు పెట్టాలి. నేను పనిచేయనని మొండికేయాలి. ఎందుకు మొండికేయలేదు?"

తాళాలక్క కాగితం మళ్లీ చేతిలోకి తీసుకుంది.

"గంట కనపడకపోతే నోరు మూసుకుని పని చేసుకుపో అని రాసింది ఎవరే? ఏడేళ్ల కిందటిది, తీసి చూడు. పేరూ నీదే, చెయ్యీ నీదే."

నిజమే. ఆమెకు చప్పున గుర్తొచ్చింది. ఎక్కడో ఒక మందుల గిడ్డంగిలో గంట పాడైపోయి, దానితో పాటు కొలవడమే ఆగిపోయింది. అక్కడివాళ్లు వచ్చి నానా మాటలూ అన్నారు. గంట పోతే పోయింది, కొలవడం ఎందుకు ఆపాలి అని ఆలోచించి, ఒక మధ్యాహ్నం కూర్చుని ఆ ముక్క రాసింది. గంట దొరక్కపోతే ఆ సంగతి చిట్టాలో ఒక వరుసగా రాసి ముందుకు సాగిపొమ్మంది. ఆ చిట్టా తెరిచి చూసేవాళ్లు లోకంలో ఎవరూ లేరు. ఆ రోజు మామయ్యే భుజం తట్టాడు, శభాష్ అని.

గంట పేరు కొట్టేసింది ఆయన. గంట లేదన్న మాట బయటికి పొక్కకుండా చేసింది తాను. ఏ ఒక్కటి లేకపోయినా ఆ పొద్దున ఎవరో ఒకరు పరుగెత్తుకుంటూ చల్లగదికి వెళ్లి ఉండేవారు.

కింద వీధిలో ఎవరో బండి స్టార్ట్ చేయబోతున్నారు, అది అందుకోవడం లేదు.

"అయిందా?" అంది అత్తయ్య.

ఇద్దరూ ఆమె వైపు తిరిగారు.

"నాకు మీ కొలతలూ గంటలూ తెలీవు. సగం నాది, సగం నీది అని బాగానే పంచుకుంటున్నారు. ఆ పడుకున్నావిడకు దానివల్ల ఒరిగేదేంటి? ఒక్క సంగతి చెప్పండి. గంట లేని ఆ సరుకు ఆ ఒక్క రక్తనిధికే ఇచ్చారా, ఇంకెవరికైనా ఇచ్చారా?"

*

తాళాలక్క చటుక్కున తెర వైపు తిరిగింది.

రెండు రోజులు. ఆ వాక్యం దొరికిన దగ్గర్నుంచి రెండు రోజులు ఆమె ఒకే పనిగా వెతికింది, అది తాను రాయలేదని రుజువు చేసే తేదీ కోసం, సమయం కోసం, ఆసుపత్రి చీటీ కోసం. ఆ వాక్యం ఇంకెక్కడెక్కడికి వెళ్లిందో చూడాలన్న ఆలోచన ఆమెకు గాని, మేడమ్‌కు గాని, ఎవరికీ రాలేదు. మినహాయింపు రాసినచోటే కూర్చోదు. జాబితాతో పాటు కాపలా వెళ్లిన ప్రతి ఇంటికీ వెళ్తుంది. ఈ పనిలో చేరిన మొదటి నెలలో నేర్చుకునే పాఠం అది.

"లే మామయ్యా" అంది. ఆయన లేచేలోపే కీబోర్డు తన వైపు లాక్కుంది.

కాపలా వాడుతున్న చోట్లు బొటనవేలంత అక్షరాలతో తెర మీద ఒక్కొక్కటే పైకి వచ్చాయి. మొత్తం అయిదు. మొదటిది రక్తనిధి. రెండోది, మూడోది పాత కంప్యూటర్లు, పాత గంట ఉన్నవే. నాలుగోది ఇంకా మొదలే కాలేదు. అయిదోది కనపడగానే మామయ్య ఆమె భుజం పట్టుకున్నాడు.

పెద్దాసుపత్రి, నెలలు నిండని పిల్లల వార్డు. అన్నీ కొత్త కంప్యూటర్లు. పంతొమ్మిది రోజుల కిందట పంపారు. కింద సంతకం తాళాలక్కది. ఈసారి చెయ్యి ఎవరిదని అడగాల్సిన పని లేదు. తెల్లవారి స్నానం చేసి, ఆఫీసుకు వెళ్లి, నలుగురి ముందు తానే స్వయంగా వేసిన సంతకం. ఆ పిల్లల్ని పడుకోబెట్టే వెచ్చని పెట్టెల్లో వేడి ఎక్కువైనా తక్కువైనా నర్సు బల్ల దగ్గర మోగాల్సింది వీళ్ల గంటే. అది అక్కడికి వెళ్లనే లేదు.

"ఆ వాక్యం తీసేసి వెంటనే కొత్తది పంపెయ్" అన్నాడు మామయ్య.

"దేంతో పంపను? తాళం మేడం దగ్గరుంది. నేను అడిగితే, కప్పిపుచ్చడానికి అనుకుంటుంది."

మామయ్య బల్ల మీదున్న తన ఫోను తీసుకుని, కంటికి దగ్గరగా పెట్టుకుని, నంబరు వెతికి నొక్కాడు.

"అమ్మా, నేను పెద్దాయన్ని. ఆదివారం విసిగిస్తున్నా, క్షమించండి. రక్తనిధి గంటను తీసేసిన వాక్యం నేను రాశాను. అవునమ్మా, నేనే. మా అమ్మాయి తాళంతో, దానికి తెలియకుండా... కాదు, అది నన్ను ఫోన్ చేయమనలేదు. ఇన్ని రోజులూ దాచాను. మీరు ఏమన్నా పడతాను, రేపు వచ్చి మీ ఎదురుగా నిలబడతాను. కానీ అది తర్వాత. ముందు దాని తాళం దానికి ఇచ్చేయండి. పిల్లల వార్డులో కూడా గంట లేదు."

అత్తయ్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకో సమయమైతే తాళాలక్క ఆ మాటలు వినడానికి ప్రాణం పెట్టేది. ఇప్పుడు సగం చెవితోనే వింది. ఆమె చెవికి ఆనించిన ఫోను పిల్లల వార్డులో మోగుతోంది. ఆరు సార్లు, ఏడు సార్లు.

"పిల్లల వార్డు" అంది ఒక ఆడగొంతు, గుసగుసగా.

"సిస్టర్, నేను మీ బల్ల మీది తెర తయారుచేసిన కంపెనీ నుంచి మాట్లాడుతున్నా. తెర అడుగున గంట పరీక్ష అని ఒక బటన్ ఉంటుంది. ఒక్కసారి నొక్కుతారా?"

"ఇప్పుడా? పిల్లలందరూ పడుకున్నారండీ."

"లేస్తే లేవనివ్వండి. నొక్కండి, దయచేసి."

అవతల కుర్చీ జరిగిన చప్పుడు.

"నొక్కానండీ. పచ్చ టిక్కు పడింది."

"మోగిందా?"

"ఏమీ మోగలేదు. టిక్కు పడింది కదా, అంటే సరిగ్గా ఉన్నట్టే కదండీ?"

"కాదు సిస్టర్. గంట లేకపోయినా ఆ టిక్కు పడుతుంది, నమ్మకండి." తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "మేం చెప్పేదాకా మీ గంట పనిచేయదు. ఎవరో ఒక మనిషి పెట్టెల దగ్గర నిలబడి కళ్లతో చూస్తూ ఉండాలి. ఎంతమంది పిల్లలున్నారు?"

"పదకొండు మంది. నేనొక్కదాన్నే ఉన్నానిప్పుడు, ఇంకో సిస్టర్ ల్యాబుకు వెళ్లింది."

"ఫోను పెట్టేయకండి. చేత్తో పట్టుకుని ఒక్కో పెట్టె దగ్గరికీ వెళ్లి, దాని మీద అంకె ఎంతుందో నాకు చదివి చెప్పండి."

మెత్తటి చెప్పుల అడుగులు వినిపించాయి. మామయ్య తన ఫోను కిందికి దించి, దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. మేడం ఏమన్నారో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

"మొదటిది ముప్ఫై ఆరున్నర. రెండోది ముప్ఫై ఆరు పాయింట్ ఆరు. మూడోది ముప్ఫై ఆరున్నర."

"చెప్పండి, వింటున్నా."

"నాలుగు, బాగానే ఉంది. అయిదు, ఇదీ అంతే. ఆరు..."

అడుగులు ఆగాయి. అవతలి గొంతు ఇక గుసగుసగా లేదు.

"అయ్యో, ఇదేంటి? ఇందాక పక్కనుంచే వెళ్లానే!"

ఫోను గట్టిగా దేనికో తగిలిన చప్పుడు. పరుగు. ఒక తలుపు దడాలున తెరుచుకుంది. ఆ వెనక ఎక్కడో దూరంగా, డాక్టర్‌గారూ అన్న కేక.

ఆ తర్వాత తాళాలక్క ఎంతసేపు సిస్టర్, సిస్టర్ అని పిలిచినా, ఆరో పెట్టె దగ్గర నుంచి ఒక్క మాట కూడా రాలేదు.